అన్నీ కలిపిన ప్యాకేజీలో ఏవి కలవవో ముందు అడగండి

ప్రశ్న: ఈ సెలవుల్లో సముద్రం పక్కన ఒక చవక ఆల్ ఇన్‌క్లూజివ్ హోటల్లో 7 రాత్రులు ఉండాలని మావారి ప్లాన్. మేమిద్దరం, 11 ఏళ్ల బాబు, 6 ఏళ్ల పాప, 70 దాటిన అత్తగారు వెళ్తాం. అత్తగారికి షుగరుంది, ఇన్సులిన్ తీసుకుంటారు, మోకాళ్ల నొప్పులు కూడా. తిండి, డ్రింకులు, పిల్లల ఆటలు అన్నీ అందులోనే, అక్కడికెళ్లాక పర్సు తీసే పనే ఉండదంటారు మావారు. రివ్యూలు చూస్తే సగం మంది స్వర్గం అంటున్నారు, సగం మంది జన్మలో వెళ్లొద్దంటున్నారు. వంటా ఇంటిపనీ లేని ఒక్క వారం నాకు కావాలి, అంతే. ఇంత తక్కువకి ఇస్తున్నారంటే ఎక్కడో మోసం ఉంటుందేమోనని భయం. ఇంకొంచెం కూడబెట్టుకుని వచ్చే ఏడు మంచి హోటల్‌కి వెళ్దామా? - ఒక పాఠకురాలు

జవాబు: వచ్చే ఏడు దాకా ఆగకండి. వెళ్లండి. ఆ హోటల్‌కేనా, ఇంకోదానికా అన్నది మాత్రం కింద చెప్పే సంగతులు కనుక్కున్నాక తేల్చుకోండి.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ రకం హోటల్ మీ కుటుంబానికి కుదురుతుంది. రోజూ పొద్దున్నే బయల్దేరి ఊళ్లు తిరిగి రాత్రికి చేరేవాళ్లు ఇలాంటి చోట డబ్బు పారబోసుకున్నట్టే, ఎందుకంటే మధ్యాహ్నం భోజనానికి వాళ్లు అక్కడ ఉండరు. మీరలా కాదు. ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్నప్పుడు రోజులో ఎక్కువసేపు హోటల్లోనే గడుస్తుంది. పిల్లలకు ఆకలేసినప్పుడల్లా ఏదో ఒకటి దొరుకుతుంది, అత్తగారికి నడక తగ్గుతుంది, ఈ పూట ఏం వండాలి అని మిమ్మల్ని ఎవరూ అడగరు. మీ ఉత్తరంలో నాకు బాగా తగిలిన మాట ఆ వంట లేని వారమే. మీవారు చూస్తున్నది ఖర్చు, మీరు కోరుతున్నది విశ్రాంతి. హోటల్‌ని ఎంచేటప్పుడు రెండోదాన్ని ముందు పెట్టండి.

మోసం గురించి అడిగారు. చవకగా ఇవ్వడం దానంతటది మోసం కాదు. ఈ పద్ధతి పుట్టిందే చవకతనంలోంచి. 1950లో జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం వాటర్‌పోలో ఆటగాడు స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో, అల్కూదియా తీరాన గుడారాలు వేయించి, ఒకే రుసుముకు బస, తిండి, ఆటలు కలిపి ఇచ్చాడు. క్లబ్ మెడ్ అనే సెలవుల హోటళ్ల కంపెనీ మొదలైంది అలాగే. ఆ తర్వాత ఈ పద్ధతి కరీబియన్ దీవులకు, మెక్సికోకు, తుర్కియేలోని అంటాల్యా తీరానికి, ఈజిప్టులోని హుర్గాదాకు పాకింది. వందల గదులకు ఒకే వంటిల్లు, టోకున కొన్న సరుకు, ఎంతమంది తింటారో ముందే తెలిసిన లెక్క. ఖర్చు తగ్గేది అక్కడే.

అయితే అంత తక్కువ ధరలో హోటల్ ఇంకా కొన్ని చోట్ల చెయ్యి బిగిస్తుంది. పరుపులు, తువ్వాళ్లు పాతబడినా మార్చదు. పనివాళ్లు తక్కువమంది ఉంటారు కాబట్టి పొద్దున్న శుభ్రం కావాల్సిన గది సాయంత్రానికి అవుతుంది. వారంలో వంటకాలు తిరిగి తిరిగి వస్తాయి. జ్యూస్ అంటే పళ్లరసం కాదు, పొడి కలిపిన రంగునీళ్లు. మద్యం స్థానిక రకాలే, చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోస్తారు. వీటికి సిద్ధపడి వెళ్లినవాళ్లే స్వర్గమని రాస్తారు. పెద్ద హోటల్ సుఖాన్ని ఊహించుకుని వెళ్లినవాళ్లు అదే గదిలో ఉండి నరకమని రాస్తారు. మీరు చదివిన రివ్యూల తేడాలో చాలా భాగం ఇదే.

ఇక "పర్సు తీసే పనే ఉండదు" అన్న మీవారి మాట. ఇది మాత్రం నిజం కాదు, వెళ్లేముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆల్ ఇన్‌క్లూజివ్ అంటే ఏమేం కలుస్తాయో అన్ని దేశాలకూ చెల్లే ఒకే నిర్వచనం లేదు. ఆ హోటల్ తన జాబితాలో ఏం రాసుకుంటే అదే. గదిలో లాకర్‌కి విడిగా అద్దె ఉండొచ్చు. బీచ్ తువ్వాలుకు డిపాజిట్ అడుగుతారు, పోగొడితే అది తిరిగి రాదు. వైఫై లాబీలోనే ఉచితం కావొచ్చు. బఫే కాకుండా పక్కనే ఇంకో రెస్టారెంట్ ఉంటే అందులో వారానికి ఒక్కసారే తినొచ్చని, అదీ ముందే బుక్ చేసుకోవాలని ఉంటుంది. బార్ కౌంటర్ రాత్రి ఒక వేళకు మూసేస్తారు, ఆ తర్వాత మంచినీళ్ల సీసా కూడా డబ్బుకే. మోటారు పడవలు, నీటి స్కూటర్లు, డైవింగ్ లాంటివి దాదాపు ఎక్కడా కలవవు. చాలా తీరప్రాంతాల్లో పర్యాటక పన్ను హోటల్ కౌంటర్‌లోనే విడిగా కట్టాలి. మయోర్కాలో 2016 నుంచి ఇది ఉంది. తలకింత, రాత్రికింత అని వేస్తారు కాబట్టి ఇంతమంది వారం రోజులు ఉంటే కంటికి కనిపించే మొత్తమే అవుతుంది.

డ్రింకుల మీద చట్టమే అడ్డుపడే చోట్లున్నాయి. మయోర్కా, ఇబిసా దీవుల్లో తాగి అల్లరి చేసేవాళ్లు ఎక్కువైన కొన్ని తీరాల్లో 2020లో ఒక నియమం తెచ్చారు: ఆల్ ఇన్‌క్లూజివ్ అతిథికి రోజుకు 6 మద్యం గ్లాసులే, మధ్యాహ్న భోజనానికి మూడు, రాత్రి భోజనానికి మూడు. మీవారి ఆనందం ముఖ్యంగా ఆ కౌంటర్ మీదే ఆధారపడి ఉంటే, వెళ్లే ఊళ్లో పద్ధతేమిటో ఆయన్నే కనుక్కోమనండి. తాగి దెబ్బ తగిలించుకుంటే ట్రావెల్ ఇన్సూరెన్సు కంపెనీలు చాలావరకు డబ్బివ్వవని కూడా ఆయనకు తెలియాలి.

బాబు సంగతి ఇంకోటి. పిల్లల రేటు ఎన్నేళ్ల వరకో ఒక్కో హోటల్లో ఒక్కోలా ఉంటుంది. 12 నిండితే పెద్దవాళ్ల కిందే కట్టే చోట్లు చాలా. ప్రయాణం మధ్యలో బాబుకి 12 నిండేట్టుంటే, బుకింగ్ రోజు వయసు చూస్తారా, తిరిగొచ్చే రోజుదా అని అడగండి. చాలామంది అమ్మకందార్లు తిరిగొచ్చే రోజుదే చూస్తారు. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టు చూసి తేడా కట్టమంటే అందరి ముందూ వాదన.

గది దగ్గర ఎక్కువ జాగ్రత్తపడండి, ఎందుకంటే చవక ప్యాకేజీలో మనకు ముట్టే అసలైన నష్టం నిద్ర. అయిదుగురు ఒకే గదిలో అంటే ఇద్దరికి మంచం, మిగతావాళ్లకు తెరిచి పరిచే సోఫా, మడత మంచం. సోఫా మీద అత్తగారిని పడుకోబెట్టే పని పెట్టుకోకండి. తలుపుతో కలిసిన రెండు గదులు ఉన్నాయా అడగండి, కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. నేనైతే సముద్రం కనిపించే కిటికీకి డబ్బు పెట్టను, ఆ డబ్బు ఈ రెండో గదికి పెడతాను. సైడ్ సీ వ్యూ అని రాసుంటే బాల్కనీ మూలన నిలబడి మెడ తిప్పితే నీళ్లు కనిపిస్తాయని అర్థం. ప్రోమో రూమ్, ఎకానమీ రూమ్ అని పేరు పెట్టి అమ్మేవి మామూలుగా వంటింటి వెనకో, జనరేటర్ పక్కనో, కింది అంతస్తు చీకట్లోనో ఉంటాయి. రాత్రి పాటలూ ఆటలూ జరిగే స్టేజీ ఎటువైపు ఉందో కనుక్కుని దానికి దూరంగా గది కావాలని రాయండి.

మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టుకుని హోటల్ గేటు నుంచి ఇసుక దాకా వేలితో గీసుకుంటూ వెళ్లండి. మధ్యలో పెద్ద రోడ్డుందా, మెట్లున్నాయా, పక్క స్థలంలో కట్టడం లేస్తోందా? "బీచ్‌కి 5 నిమిషాలు" అన్నది కుర్రాడి నడకా, హోటల్ వ్యానా చెప్పరు. హుర్గాదా వైపు వెళ్లేట్టయితే చాలా చోట్ల ఒడ్డునే పగడపు దిబ్బలుంటాయి. నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు లేకపోతే పాప అడుగు కూడా పెట్టలేదు.

ధర బాగా పడిపోయిందంటే నెల కూడా చూసుకోవాలి. అట్లాంటిక్‌లో తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, అందులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జోరెక్కువ. కరీబియన్, మెక్సికో తీరాల్లో 2011 నుంచి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు ఎండాకాలపు నెలల్లో కుప్పలుగా కొట్టుకొస్తోంది, కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. మధ్యధరా సముద్రమేమో ఏప్రిల్, మే నెలల్లో ఎండ కాస్తున్నా నీళ్లు చల్లగానే ఉంటాయి. అప్పుడు పూల్ నీళ్లు వేడి చేస్తారా, ఏసీ ఆ నెలలో వేస్తారా అని అడగండి. చవక హోటళ్లు కొన్ని నడి వేసవి వస్తేగాని ఏసీ మీట నొక్కవు.

రివ్యూలను మొత్తం నక్షత్రాల లెక్కతో చూడకండి. కొత్తవి ముందు వచ్చేట్టు పెట్టుకుని, మీరు వెళ్లే నెలలోనే వెళ్లినవాళ్లు రాసినవి చదవండి. మీలాగే పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లవి ఇంకా మంచిది. తిండి రోజూ ఒకేలా ఉందన్న ఫిర్యాదును వదిలేయండి. బొద్దింకలు, వేడినీళ్లు రాకపోవడం, పనిచేయని లిఫ్టు, పూల్ నీళ్లు పచ్చబడటం, తిన్న నలుగురికీ కడుపు చెడటం - ఇలాంటిది వేర్వేరు మనుషులు వేర్వేరు వారాల్లో రాసుంటే ఆ హోటల్ వద్దు, ఎంత చవకైనా సరే. హోటల్ పెట్టిన ఫొటోలు కాకుండా అతిథులు తీసిన బాత్రూం ఫొటోలు వెతకండి.

ఇక అత్తగారు. ఇన్సులిన్ గురించి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. చాలా హోటల్ గదుల్లో కీకార్డు గోడ పెట్టెలోంచి తీసి బయటికి వెళ్లగానే కరెంటు పోతుంది, దాంతో చిన్న ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. మీరు రోజంతా బీచ్‌లో ఉంటే తెరవని ఇన్సులిన్ అంతసేపూ వేడిలోనే ఉంటుంది. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కొన్ని మినీబార్‌లు అటు గడ్డ కట్టించేస్తాయి, గడ్డ కట్టిన ఇన్సులిన్ పనికిరాదు. కాబట్టి ఫ్రిజ్‌కి కరెంటు ఆగకుండా వస్తుందా, లేకపోతే మందు రిసెప్షన్ దగ్గర ఫ్రిజ్‌లో పెడతారా అని అడిగి రాతలో జవాబు తెప్పించుకోండి. విమానంలో చేతిసంచిలోనే, డాక్టర్ చీటీతో పాటు. ఆమె వట్టికాళ్లతో ఇసుకలో నడవకూడదు. షుగరు వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు మధ్యాహ్నపు ఇసుక కాల్చినా తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. భోజనాల వేళలు ముందే కనుక్కుని, ఆలస్యమైతే తినడానికి బిస్కెట్లో గింజలో ఆమె సంచిలో పెట్టండి.

పిల్లల్ని చూసుకునే పని మాత్రం ఆమె మీద వేయకండి. అమ్మ ఎలాగూ కూర్చునే ఉంటుందిగా అని మీవారు అనే అవకాశం ఉంది. పూల్ పక్కన ఆరేళ్ల పిల్లను కనిపెట్టడం కూర్చుని చేసే పని కాదు, లేచి పరిగెత్తగలిగినవాళ్లు చేసేది.

నీళ్ల గురించి ఇక్కడే చెప్పేస్తాను. మునిగిపోతున్న పిల్ల కేకలు వేయదు, చేతులు ఊపదు, చప్పుడు లేకుండా కిందికి జారిపోతుంది. చవక హోటల్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ లేకపోవడం మామూలు, ఉన్నా సాయంత్రం వెళ్లిపోతాడు. మీరిద్దరూ వంతులు వేసుకోండి. ఈ గంట ఎవరిదో నోటితో చెప్పుకోండి, వంతు వచ్చినవాళ్లు ఫోన్ పక్కన పెట్టాలి. సముద్రంలో పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాల మధ్యే దిగండి, అక్కడ లైఫ్‌గార్డ్ కాపలా ఉంటుంది. పూర్తి ఎర్రజెండా ఎగిరితే నీళ్ల జోలికి పోవద్దు, ఊదా జెండా అంటే కుట్టే ప్రాణులున్నాయని. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. బాబుకి 11 ఏళ్లు కదా, వాడికి ఇది ఇంట్లోనే కాగితం మీద బొమ్మ గీసి చూపించండి.

బఫేలో కడుపు చెడకుండా ఉండటం చాలావరకు మన చేతిలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇది: వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు, గది వేడిలో 2 గంటలకు మించి ఏదీ ఉండకూడదు. మీ చేతిలో థర్మామీటర్ ఉండదు కాబట్టి కళ్లతో చూడండి. తలుపులు తీసిన వెంటనే వెళ్లండి. మూత తీస్తే ఆవిరి రావాలి. ట్రే అడుగంటాక కొత్త ట్రే పెడుతున్నారా, పాతదాని మీదే కొత్తది కుమ్మరిస్తున్నారా గమనించండి. రెండోది చేస్తుంటే ఆ వంటకం వదిలేయండి. మీ కళ్లముందు పెనం మీద వేసిచ్చే గుడ్లు, అట్లు, కాల్చిన చేపల కౌంటర్ ఎప్పుడూ మంచి దారి. ఐస్ మీద కాకుండా ఊరికే గిన్నెలో పెట్టిన మయోనైజ్ సలాడ్లు పిల్లలకు వద్దు. తొక్క తీసి తినే పళ్లు, సీలు తీయని నీళ్ల సీసాలు, నాలుగైదు ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంటే ఒక పూట విరేచనాలు అయినా సెలవు చెడిపోదు.

హోటల్ చేరగానే సామాన్లు విప్పకండి. ముందు దుప్పటి ఎత్తి పరుపు కుట్లు చూడండి, నల్లుల మచ్చలుంటే తెలుస్తాయి. కుళాయి, ఏసీ, తలుపు గడియ, బాల్కనీ కటకటాల మధ్య సందు చూడండి, పాప తల దూరేంత ఉండకూడదు. నచ్చకపోతే సామాన్లతో సహా రిసెప్షన్‌కి వెళ్లి నెమ్మదిగా చెప్పండి. ఆ రాత్రి గదులు లేవంటే నిజం కావొచ్చు. మర్నాడు పొద్దున 9 లోపు మళ్లీ అడగండి, ఆ రోజు ఖాళీ అయ్యే గదులు ఎవరికివ్వాలో అప్పుడే పంచుకుంటారు. మధ్యాహ్నం వెళ్లి గొడవపడితే మిగిలేదేమీ ఉండదు. ఇదే రోజుల్లో ఎవరో నవ్వుతూ వచ్చి ఉచిత అల్పాహారం, చిన్న పరిచయ సమావేశం అని పిలిస్తే వెళ్లకండి. అది టైమ్‌షేర్ అమ్మకం, అంటే ఏటా కొన్నాళ్లు బస చేసే హక్కును డబ్బుకు అంటగట్టడం. ఒక పూటంతా కూర్చోబెడతారు, సంతకం పెట్టేదాకా వదలరు.

మీవారితో ఇంకొక్క మాట కూడా తేల్చుకోవాలి. కట్టినదంతా రాబట్టాలన్న పట్టుదల ఈ సెలవుల్ని పాడుచేసినంతగా పాత పరుపులు పాడుచేయవు. తెల్లారగట్ల లేచి పూల్ పక్కన పడక కుర్చీల మీద చోటు పట్టుకోవడానికి తువ్వాళ్లు పరచడం, ఆకలి లేకపోయినా పళ్లెం నింపడం, ఊళ్లో మంచి చోటు కనిపించినా "మనకు అక్కడ ఉచితమే కదా" అని పిల్లల్ని వెనక్కి లాక్కురావడం. కట్టిన డబ్బు కట్టినరోజే పోయింది. ఎక్కువ తిన్నంత మాత్రాన తిరిగి రాదు. బయట తినడానికి, ఒక రోజు పడవ ఎక్కడానికి, మందులకు అని కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. మీకు రోజూ రెండు గంటలు ఎవరూ పిలవని వేళ కావాలని కూడా ఇప్పుడే చెప్పండి. వంట తప్పినా, క్రీము రాయడం, తువ్వాళ్లు మోయడం, ఎవరేం తిన్నారో చూడటం మీ మీదే పడితే మీరు అడిగిన వారం మీకు దక్కినట్టు కాదు.

డబ్బు కట్టే పద్ధతి గురించి క్లుప్తంగా. విమానం, హోటల్ ఒకే కంపెనీ దగ్గర ప్యాకేజీగా కొంటే, ఆ కంపెనీ మునిగితే మీకు రక్షణ ఏమిటో అడగండి. 2019 సెప్టెంబరులో బ్రిటన్ ట్రావెల్ కంపెనీ థామస్ కుక్ దివాలా తీసినప్పుడు కొన్ని హోటళ్లు అతిథుల్నే మళ్లీ డబ్బు కట్టమన్నాయి. బ్రిటన్‌లో అలాంటి ప్యాకేజీలకు రక్షణ ఏర్పాటు ఉండబట్టి దాదాపు లక్షన్నర మందిని ప్రభుత్వం విమానాలు పెట్టి వెనక్కి రప్పించింది. ఆ ఏర్పాటు అన్ని దేశాల్లోనూ లేదు. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి, రద్దు నియమాలు ప్రింటు తీసి పెట్టుకోండి.

7 రాత్రులంటే 7 రోజులు కాదని కూడా లెక్కలో పెట్టుకోండి. రాత్రి 11కి చేరితే ఆ పూట భోజనం అయిపోయి ఉంటుంది. గదికి చల్లని పళ్లెం పంపుతారేమో అడగండి. ఆఖరి రోజు గది 11కో 12కో ఖాళీ చేయాలి, ఆల్ ఇన్‌క్లూజివ్ అతిథికి గుర్తుగా కట్టే చేతి పట్టీని చాలా చోట్ల ఆ వేళకే కత్తిరించేస్తారు. విమానం రాత్రికైతే అత్తగారు సామాన్ల మధ్య లాబీ కుర్చీలో సగం రోజు కూర్చోవాల్సి వస్తుంది. ఆ ఒక్కపూటకు లేట్ చెక్ అవుట్ డబ్బిచ్చి అయినా తీసుకోండి.

రెండో గది, లిఫ్టు, ఇన్సులిన్ ఫ్రిజ్, బాబు వయసు, విడిగా కట్టాల్సినవి, ఆఖరి రోజు భోజనం - ఈ ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో హోటల్‌కి పంపండి. రెండు మూడు రోజుల్లో సూటిగా జవాబిస్తే బుక్ చేసుకోండి. జవాబు రాకపోయినా, "అన్నీ ఉంటాయి, కంగారు పడకండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టినా, అదే ధరలో ఇంకో హోటల్‌కి అదే మెయిల్ పంపండి.